రెండో తుపాకివాడు

నేను రంగూనులో సేక్కాన్ రేవున మూటలు మోసే రోజులవి. మా ముఠావాళ్లం చందాలేసుకుని, అడవిపంది వేటకి కో మ్యా అనే బర్మా వేటగాణ్ణి ఎనిమిది రూపాయలకి మాట్లాడుకున్నాం. నేనే అతని చేతిలో తాంబూలం పెట్టాను. మాలో తాంబూలం పుచ్చుకుంటే ఇక బేరం మారదు.

బయల్దేరే పొద్దున చిమిండైంగ్ రేవులో అతను పది అడిగాడు.

"అక్కడి పందికి ఎవడో గాయం చేసి వదిలేశాడు. మీదికొస్తది. ఇంకో తుపాకివాడు కావాల" అన్నాడు.

"తాంబూలం పుచ్చుకుని మాట మారుస్తావేటి? నువ్వేటి మగాడివి?" అన్నాను. మావాళ్లు పకపకా నవ్వారు.

మా బావ ఒక్కడే "పోన్లేరా, ఇచ్చీరాదేటి" అన్నాడు. నేను వినలేదు.

బర్మావాళ్లు తాంబూలం ఎదురొచ్చిన ప్రతివాడికీ ఇస్తారు. అది మర్యాదే కాని మాట ఇవ్వడం కాదని నాకప్పుడు తెలీదు. కో మ్యా ఒక్కడే తుపాకి పట్టుకుని మా పడవెక్కాడు.

మధ్యాహ్నం పంది పొదలోంచి దూసుకొచ్చి అతని తొడ చీల్చేసింది. పడవ దాకా మోసుకొచ్చేలోగా ప్రాణం పోయింది.

శవాన్ని ఇంటికి చేర్చి, అతని భార్య ముందు ఎనిమిదితో పాటు ఆ రెండు రూపాయలూ పెట్టాను. ఆమె వాటివైపు చూడలేదు.

"రెండో తుపాకివాణ్ణి తీసుకెళ్తానన్నాడే, అతను బతికున్నాడా?" అని అడిగింది.

"రెండోవాడు రాలేదు" అన్నాను. ఎందుకు రాలేదో చెప్పలేకపోయాను. ఇన్నేళ్లకి మీకు చెబుతున్నాను. చెప్పవలసింది ఆమెకి.