కలశం బొమ్మ నొక్కితే కదలని ఫారం

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు కమ్యూనిటీ హాలు కోసం పెట్టిన ఆన్‌లైన్ ఫారం నింపి, ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేని ఆ తెరతో నేను కీచులాడుతుంటే, వంటింట్లోంచి మా కోడలు తలైనా బయటపెట్టకుండా, వేరే బ్రౌజరులో చూడండి మామయ్యగారూ అంది. చూశాను, చిటికెలో పోయింది. ఆ అమ్మాయికి అది మామూలు మాట. నాకు మాత్రం ఆ ముక్క చెవిన పడగానే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకా మెట్రో స్తంభాలు లేని కాలం, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు, నేను చేసిన ఒక ఘనకార్యం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, హాలు ఏ తేదీకి అడిగానో కూడా మరిచిపోయి నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే మూతబడుతున్నప్పుడు వాటిల్లో పాఠాలు చెప్పినవాళ్ల గతి ఏమైందో నా తరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తెనాలి నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడి పిల్లల చేత టైపు కొట్టించిన నేను, నలభై దాటాక, నా దగ్గర టైపు నేర్చుకున్న కుర్రాళ్ల పక్కనే బెంచీ మీద కూర్చుని వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకున్నాను. నేర్చుకున్నదానికన్నా గర్వం కాస్త ఎక్కువే అబ్బింది. టీచరు ఉద్యోగాల పరీక్షకు శిక్షణ ఇచ్చే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ ఒకదానిలో వెబ్‌సైటు చూసుకునే ఉద్యోగం దొరికింది. నా పక్క కుర్చీలో విద్యార్థుల చేరికలు చూసే మిత్రుడు ఒకాయన ఉండేవాడు, నాకన్నా పదేళ్లు చిన్న, నల్లగొండ పల్లె మనిషి. నన్ను అన్నా అనేవాడు. మధ్యాహ్నం మా గోంగూర ఆయన డబ్బాలోకి, వాళ్ల పచ్చిపులుసు నా డబ్బాలోకి మారిపోయేవి. రాష్ట్రం విడిపోవాలని ఆయన, కలిసుండాలని నేను భోజనం అయ్యేదాకా వాదించుకుని, చేతులు కడుక్కున్నాక మళ్లీ పనిలో పడేవాళ్లం.

ఆ ఏడాది బంద్‌లతో బస్సులు తిరగక, ఊళ్ల నుంచి వచ్చి కాగితం ఇచ్చి వెళ్లడం కష్టమైందని, ఉచిత శిక్షణ సీట్ల ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు ఆన్‌లైన్లో పెడదామన్నారు మా ఓనరు గారు. ఫారం నేనే తయారుచేశాను. కంప్యూటరుతో పాటే వచ్చే పాత బ్రౌజరులోనూ, కుర్రాళ్లంతా దించుకుంటున్న కొత్త బ్రౌజరులోనూ రెండుసార్లు పంపి చూసుకున్నాను. అంతా బాగుంది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

మర్నాడు పొద్దున ప్రారంభ పూజకు సిద్ధాంతి గారు వచ్చారు. తెర మీద ఫారం చూసి, పిల్లలు మొట్టమొదట నొక్కే బొత్తాం ఇలా బోడిగా, బూడిద రంగులో ఉంటే ఎలాగండీ, శుభమంటూ ఒకటి కనబడొద్దూ అన్నారు. ఓనరు గారు వెంటనే పూజలో పెట్టిన కలశాన్ని ఫోటో తీయించి, పసుపు కుంకుమలతో కళకళలాడే ఆ బొమ్మనే బొత్తాంగా పెట్టమని పురమాయించారు. దుర్ముహూర్తం దగ్గరపడుతోందని సిద్ధాంతి గారు గడియారం చూస్తుంటే, హడావుడిగా బొత్తాం తీసేసి కలశం పెట్టి, నా ముందున్న కొత్త బ్రౌజరులో ఒక్కసారి నొక్కాను. పోయింది. చప్పట్లు కొట్టారు, లడ్లు పంచారు. పాత బ్రౌజరులో మళ్లీ చూడాలన్న ఆలోచన లడ్డూతో పాటే కరిగిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి దరఖాస్తులు వచ్చిపడ్డాయి. వారం గడిచాక నా మిత్రుడు ఆ జాబితా అంతా తిరగేసి, మొహం ముడుచుకుని, తన డబ్బా పట్టుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. పచ్చిపులుసు రాలేదు. గోంగూర నా డబ్బాలోనే ఉండిపోయింది. సాయంత్రం నేనే పలకరిస్తే, అప్పటిదాకా ఆపుకున్నదంతా అనేశాడు.

“మీవోళ్లు నింపితె పోతది, మావోళ్లు నింపితె పోతలేదు. గిదేం కథ అన్నా? మా చెల్లె మూడుమార్లు నింపింది. గా లిస్టుల మా దిక్కు పేరు ఒక్కటి సూపియ్యి!”

చూస్తే నిజమే. హాస్టళ్లలో ఉండే కోస్తా జిల్లాల పిల్లల పేర్లు వరసగా ఉన్నాయి గాని, విజయవాడ రోడ్డు వెంట ఉన్న నల్లగొండ పల్లెల నుంచి ఒక్క దరఖాస్తూ లేదు. ఊరంతా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న రోజుల్లో ఆ జాబితా ఎవరి చేతికి చిక్కినా ఏమనుకుంటారో ఊహించుకోవచ్చు. నాకు భయం వేయాలి, కాని కోపం వచ్చింది. నా ఫారంలో తప్పా! రెండు బ్రౌజర్లలోనూ చూసుకున్నవాణ్ణి! నాలుగు రోజులు ఒకే గదిలో పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకోలేదు. ఆ నాలుగు రోజుల అన్నం నాకు అస్సలు సహించలేదు, ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

గడువు చివరి రోజు బంద్. నడిచి ఆఫీసుకు వచ్చింది మేమిద్దరమే. ఆయనే లేచి నా కుర్చీ దగ్గరికి వచ్చి, “నీ సీట్ల కూసోని సూస్తె ఏం గనపడ్తది అన్నా, జర మా దిక్కొచ్చి సూడు” అన్నాడు. వాళ్ల చెల్లెలు ఎల్‌బీ నగర్‌లో బంధువుల ఇంట్లో ఉండి, అక్కడి నెట్ సెంటర్‌లో నాలుగోసారి నింపడానికి కూర్చుందట. బస్సుల్లేవు, ఆటోల్లేవు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దగ్గర అమ్ముడుపోని బత్తాయిల వాసన పీలుస్తూ, ఖాళీ రోడ్డు మధ్యలో ఇద్దరం దర్జాగా నడిచాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఉద్యమం వాళ్ల వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అన్నమూ పప్పూ వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తున్నారు. వద్దండీ, మొహమాటం కాదండీ అని నేను నోరు తెరవగానే నా యాస వాళ్లకు తెలిసిపోయింది. వడ్డించే ఆవిడ గరిటె మాత్రం ఆగలేదు. “ఏ ఊరోళ్లకైనా ఆకలైతది గదా, తిను అన్నా” అంటూ ఇంకాస్త వేసింది. నా మిత్రుడు మొహం తిప్పుకున్నాడు గాని, నవ్వాపుకోవడం నాకు కనబడింది.

బంద్ కదా అని షట్టరు సగం దించిన ఆ నెట్ సెంటర్‌లో ఉన్నవన్నీ పాత కంప్యూటర్లు, వాటిల్లో పాత బ్రౌజరు తప్ప ఇంకోటి లేదు. విజయవాడ రోడ్డు వెంట ఊళ్లలో ఉండే సెంటర్లన్నీ ఇంతేనట. మా హాస్టల్ కుర్రాళ్లు వాడేదేమో కొత్త బ్రౌజరు. ఆ అమ్మాయి ఓపికగా వివరాలన్నీ మళ్లీ నింపి నా ఎదురుగానే కలశం నొక్కింది. అంతా మాయమై, ఖాళీ ఫారం వచ్చింది. తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. “నొక్కంగనే గిట్లనే అయితది సార్, నాదే తప్పేమో అనుకున్న” అంది. ఆ మాటకు నా గర్వం సగం దిగింది.

అక్కడే ఇంకో కంప్యూటరు ముందు కూర్చుని, మా సర్వర్‌కు అసలు ఏం చేరుతోందో తీసి చూశాను. అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఊరు, మార్కులు అన్నీ భేషుగ్గా చేరాయి. చేరనిది ఒక్కటే, కలశం పేరు. ఏ బొత్తాం నొక్కారో దాని పేరు వస్తేనే దరఖాస్తు తీసుకోమని నా ప్రోగ్రాములో రాశాను. మామూలు బొత్తాం ఉన్నన్నాళ్లూ రెండు బ్రౌజర్లూ ఆ పేరు పంపాయి. బొత్తాం స్థానంలో బొమ్మ పెడితే మాత్రం పాత బ్రౌజరు ఆ బొమ్మ మీద ఎక్కడ నొక్కారో కొలిచి రెండు అంకెలు పంపేది, పేరు పంపేది కాదు. పేరు రాలేదు కాబట్టి ఎవరూ ఏమీ నొక్కలేదనుకుని, నా ప్రోగ్రాము వినయంగా మళ్లీ ఖాళీ ఫారం చేతిలో పెట్టేది.

కలశం పేరు కాకుండా అభ్యర్థి పేరు ఉందో లేదో చూడమని ఒక్క వరుస మార్చాను. అమ్మాయి మళ్లీ నింపి నొక్కింది. దరఖాస్తు సంఖ్య వచ్చింది. ఆ అమ్మాయి చేతులు రెండూ చెంపలకు ఆనించుకుని ఆ సంఖ్యను అలాగే చూస్తూ ఉండిపోయింది. సంగతంతా విన్న నా మిత్రుడు పొట్ట పట్టుకుని నవ్వి, మా సిద్ధాంతికి ఒక దండ వేయాలన్నాడు. నేను ఓనరు గారికి ఫోన్ చేసి, తప్పు నాదేనని ఒప్పుకుని, గడువు ఇంకో వారం పెంచమని బతిమాలాను. ఆయన పెంచారు, కలశం తీయడానికి మాత్రం ఒప్పుకోలేదు. మర్నాడు పచ్చిపులుసు మళ్లీ నా డబ్బాలోకి వచ్చింది. ఆ చెల్లెలు సీటు తెచ్చుకుని, పరీక్ష నెగ్గి, ఇప్పుడు ఒక పల్లెలో పంతులమ్మ.

ఇప్పుడు బ్రౌజర్లన్నీ ఇంచుమించు ఒకే దారికి వచ్చాయి. మా కమ్యూనిటీ హాలు ఫారం లాంటి ఒకటీ అరా తప్ప, ఫారాలు పోకపోతే ఎర్ర అక్షరాలతో కారణం చెబుతాయి, ఫిర్యాదు చేస్తే ఒక నంబరు ఇస్తాయి. మొహమ్మీదే నిష్ఠూరమాడి, ఆ వెంటనే జర వచ్చి చూడమని ఎండలో అంత దూరం నడిపించుకుపోయే మనిషి మాత్రం ఎక్కడా తగలడం లేదు. రాష్ట్రం వచ్చింది, మేమిద్దరం వేర్వేరు ఉద్యోగాల్లోకి పోయాం, ఏడాదికో రెండేళ్లకో ఏదో ఒక పెళ్లిలో కలుస్తాం. కలిసినప్పుడల్లా ఆయన నా చేయి పట్టుకుని, నిన్ను అనుమానపడ్డ అన్నా, తప్పు చేసిన అంటాడు. పోనీలే తమ్ముడూ అంటాను నేను, పెద్దమనిషిలా. ఆయన నన్ను అనుమానించింది నాలుగే రోజులు, అదీ నా ఎదుటే. ఆ నాలుగు రోజుల్లోనే నేను ఓనరు గారి గదిలోకి వెళ్లి, తలుపు వేసి, ఆ పల్లెల వాళ్లకు ఫారం నింపడం చేతకాక మన మీద పడి ఏడుస్తున్నారండీ అని చెప్పి వచ్చాను. అది ఆయనకు చెప్పడానికి నాకు ఈనాటికీ నోరు రాలేదు.