ముత్లక్ ఇచ్చిన రాయి

ముప్పై ఒక్క ఏళ్లలో తన కోట నుంచి ఒక్క రాయి కూడా బయటికి పోలేదని ముత్లక్ చెప్పుకునేవాడు. పెళ్లిలో చెప్పేవాడు, చావింట్లో చెప్పేవాడు, కరక్ పట్నం బజారులో యాలకులు కొంటూ కొట్టువాడికీ చెప్పేవాడు. వినీ వినీ విసిగిపోయిన బంధువులు అతను నోరు తెరవగానే ఆ మాట తామే అందుకుని నవ్వేవారు. అతను మాత్రం చిన్నబుచ్చుకునేవాడు కాదు. మాట నిజమైనప్పుడు ఎవరు అంటే ఏమిటని అతని ధీమా.

నిజానికి కోట అతనిది కాదు, రోము సైన్యానిది. ఎడారి అంచున గుర్రపు దళం కోసం కట్టుకున్నారు, కొన్నాళ్లు ఉన్నారు, వదిలేసి పోయారు. నాలుగు మూలలా నాలుగు బురుజులు, నడుమ ఎండిపోయిన నీటి తొట్టి, వాకిలి మీద మాలో ఎవరికీ చదవడం రాని రాత. పురావస్తు శాఖవారు ముత్లక్‌ను కాపలా పెట్టినప్పుడు అతనికి మీసాలు నల్లగా ఉండేవి. బంగారం ఉందని గునపాలు పట్టుకుని వచ్చినవాళ్లను ఎంతమందిని తరిమాడో లెక్కలేదు. ఒకసారి సొంత మేనల్లుడే గోతిలో దొరికితే మెడ పట్టుకుని తీసుకెళ్లి పోలీసులకు అప్పగించాడు. అక్కగారు రెండేళ్లు అతని గుడారం తొక్కలేదు.

వచ్చే గురువారంతో ఆ ఉద్యోగం అయిపోతుంది. అధికారి వస్తాడు, కోటలోంచి ఏమీ పోలేదని కాగితం మీద రాసుకుని ముత్లక్ చేత సంతకం పెట్టిస్తాడు. ఆ కాగితం శుభ్రంగా ఉంటే కాపలా పని కూతురు నౌఫాకే ఇస్తామన్నారు. ఆడపిల్ల కోటకు కాపలా ఏమిటని తెగలో గొణుగుడు లేకపోలేదు. చిన్న వంక దొరికినా చాలు, ఆ పని తమవాళ్లకు ఇప్పించుకుందామని ఇద్దరు ముగ్గురు కాచుకుని కూర్చున్నారు. ఆ సంగతి తండ్రీకూతుళ్లకు తెలియనిది కాదు.

ఇలా ఉండగా ఆదివారం పొద్దున మాదబా పట్నం నుంచి ఒక కారు వచ్చింది. నడిపేది సామెర్ అనే కుర్రాడు. వెనక సీట్లోంచి దిగింది యోస్ట్ అనే హాలండు ముసలాయన. వంతెనలు కట్టే పనిలో బతుకంతా గడిపి, ఇప్పుడు దేశాలు తిరుగుతూ రోము సైన్యం మకాం వేసిన చోట్లన్నీ చూసి వస్తున్నాడట. వచ్చీరాగానే ఫోటోలకు ఎగబడలేదు. గోడ పొడవునా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు, బురుజు మెట్ల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ముత్లక్‌కు మనిషి తెగ నచ్చేశాడు.

"చూశావా తల్లీ, రాయిని ఎలా ముట్టుకోవాలో తెలిసినవాడు," అన్నాడు కూతురితో.

"అందర్నీ ఇలాగే అంటావు నాన్నా," అంది నౌఫా, కాఫీ గింజలు దంచుతూ.

ఎండ ముదిరాక నలుగురూ గుడారంలో కూర్చున్నారు. ముత్లక్ చిన్న కప్పులో అడుగు తడిసేటంత కాఫీ పోసి అతిథి చేతికి ఇచ్చాడు. యోస్ట్ అందుకున్నాడు, ఒక్క క్షణం పట్టుకున్నాడు, తాగకుండా చాప మీద పెట్టేశాడు.

ముత్లక్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మా వైపు అతిథి కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే ఏదో కోరడానికి వచ్చాడన్నమాట. పిల్లనడగడానికి వచ్చినవాళ్లు అలా పెడతారు, హత్య జరిగిన ఇంటికి రాజీ కోసం వచ్చినవాళ్లూ అలాగే పెడతారు. ఇస్తానని ఇంటాయన అంటేనే తాగుతారు. అన్నాక ఇక వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు.

"తాగండి. మీరొచ్చిన పని అయిపోయినట్టే," అన్నాడు ముత్లక్.

"అయ్యో నాన్నా, ఆగు! వేళ్లు కాలి పెట్టాడాయన!" అని నౌఫా లేచింది గాని, మాట అప్పటికే బయటపడిపోయింది.

"కాలితే కాలనీ. ఏం కావాలో అడుగు."

నౌఫా బడిలో నేర్చుకున్న ఇంగ్లీషులో అడిగింది. యోస్ట్ ఆశ్చర్యపోయాడు, ఆనక మొహమాటపడుతూ రెండు ముక్కలు అన్నాడు. నౌఫా మొహం పాలిపోయింది.

"ఏమంటాడు?"

"కోటలోంచి ఒక రాయి కావాలంట. చిన్నదే, బొటనవేలంత."

మొదట తేరుకున్నది సామెరే. "ఓస్, ఇంతేనా బాబాయ్! నువ్విచ్చేది కోటనా ఏంటి? అదిగో, వాగులో లక్ష పడున్నాయి. ఒకటి తెచ్చి చేతిలో పెట్టు. ఆయనకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదరా."

"అయితే ఇవ్వనని చెప్పెయ్."

"నా చాప మీద కూర్చోబెట్టి అబద్ధం ఆడమంటావు, లేదంటే ఇచ్చిన మాట మింగమంటావు. మీ పట్నంలో అతిథికి పెట్టేది ఇదేనా?"

నౌఫా తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నా, మన పద్ధతి ఆయనకి తెలీదు. తెలీకుండా పెట్టిన కప్పుకి లెక్కేంటి?"

"ఆయనకి తెలీదు. అన్నవాణ్ని నేను, నాకు తెలుసు."

"మరి గురువారం?"

"ఒకటిచ్చానని చెప్తా."

"చెప్తే నా పని పోతుంది."

ముత్లక్ లేచి కోటలోకి వెళ్లాడు. కూతురి నోటిముందు కూడు తానే లాగేస్తున్నానని అతనికి తెలుసు. గోడ పక్కన వంగి ఒక ముక్క తీసి, మళ్లీ పెట్టేశాడు. ఇంకొకటి తీశాడు, అదీ ఇవ్వబుద్ధి కాక పెట్టేశాడు. చివరికి తొట్టి దగ్గర బొటనవేలి కొసంత ముక్క ఒకటి ఏరి, దుమ్ము తుడిచి తీసుకొచ్చాడు.

ఈలోగా నౌఫా ఊరుకుందా? వచ్చీరాని ఇంగ్లీషులో కప్పు సంగతి, మాట సంగతి, గురువారం సంగతి మొత్తం ఏకరువు పెట్టేసింది. యోస్ట్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ముత్లక్ రావడం చూసి చప్పున కప్పు అందుకుని, చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత నడుముకున్న సంచి విప్పి, ఒక గులకరాయి తీసి చాప మీద పెట్టాడు. ఆయనన్న మాట తండ్రికి చెప్పడానికి నౌఫాకు కాస్త సమయం పట్టింది.

"పొద్దున్నే తీసుకున్నాడంట నాన్నా. ఏ కోట చూసినా ఒకటి తెచ్చుకుంటాడంట. ఏం కావాలో నువ్వే అడిగించావు కాబట్టి, ఆ తీసిందాన్నే చెప్పి పట్టుకెళ్తే మర్యాదగా ఉంటుందనుకున్నాడంట."

"ఈయనొక్కడేనా?"

నౌఫా అడగకుండానే తలదించుకుంది. అడిగితే ముసలాయన కూడా అదే చేశాడు. తన స్నేహితుల్లో చాలామంది ఇళ్లలో ఇలాంటివి అలమారుల్లో ఉన్నాయని, ఈ కోటదీ ఒకటి చూశానని చెప్పాడు.

ముత్లక్ తను తెచ్చిన ముక్కను చాప మీద వదిలి కూలబడ్డాడు. ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. "గునపాలు పట్టుకున్నవాళ్లను పరిగెత్తించాను. జేబులున్నవాళ్లకి కూర్చోబెట్టి కాఫీ పోశాను. ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకున్నాను," అన్నాడు. మేనల్లుడు గుర్తొచ్చాడు. వాడికన్నా వీళ్లు దొడ్డవాళ్లేం కాదు.

యోస్ట్ రెండు రాళ్లూ అతని ముందుకు తోశాడు. ముత్లక్ గులకరాయిని తీసి వెలుతురులో తిప్పి చూశాడు. "ఇది ఉత్తరపు బురుజు మెట్ల కిందిది," అన్నాడు. తొట్టి దగ్గర ఏరిన ముక్కను మాత్రం ముసలాయన అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "ఇది నేనిచ్చింది. ఇచ్చింది తిరిగి తీసుకోను. అది మీరు తీసింది. అది ఉండిపోతుంది." యోస్ట్ వద్దు వద్దని ఎంత తల ఊపినా వినలేదు.

గురువారం అధికారి వచ్చి గుడారంలో కాగితాలు పరిచాడు. అలవాటుగా "ఏమీ పోలేదు" అని రాయబోతుంటే ముత్లక్ ఆపాడు.

"ఒకటి నేనిచ్చాను. చాలా పోయాయి, ఎన్నో తెలీదు. అలాగే రాయండి."

అధికారి కలం దించి అతని వంక చూశాడు. "గులకరాళ్లు ఎవరు లెక్కపెట్టారు మామా? ఇలా రాస్తే అమ్మాయి పని మీద పైవాళ్లు సవాలక్ష అడుగుతారు. అంత అవసరమా?"

తండ్రి నోరు తెరిచేలోగా నౌఫాయే ముందుకు వచ్చింది.

"రాయండి సార్. ఏమీ పోలేదని ఇవాళ రాస్తే, ఇన్నేళ్లూ పోయినవన్నీ రేపట్నుంచి నా నెత్తినే పడతాయి. ఇక వచ్చేవాళ్లకి కాఫీ పోస్తాను, వెళ్లేటప్పుడు జేబులూ చూస్తాను."

అధికారికి నవ్వొచ్చింది. "ఇచ్చింది ఎంత రాయి మామా?" అని అడిగాడు. ముత్లక్ బొటనవేలి కొస చూపించాడు. అధికారి గట్టిగా నవ్వబోయి, అతని మొహం చూసి ఊరుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాశాడు. ముత్లక్ సంతకం పెట్టాడు.

"అప్పగించినవాళ్లది అయింది," అంటూ అధికారి కలం నౌఫా వైపు తిప్పాడు. "అందుకున్నవాళ్లు కింద సంతకం పెట్టాలి. పైవాళ్లతో నేను మాట్లాడుకుంటాను."

నౌఫా తన పేరు మెల్లగా, అక్షరం అక్షరం రాసింది. తన చేత్తో ఇచ్చిన రాయి గురించి రాసిన మాటల కింద కూతురి పేరు చూసి ముత్లక్ అందరి ముందే ఏడ్చేశాడు.