ఆరో అంతస్తు గది

మనవరాలి పరీక్ష కోసం నిన్న బెంగళూరు వచ్చాం. స్టేషన్‌కు దగ్గరగా ఉంటుందని మావాడు తొమ్మిదంతస్తుల హోటల్లో గది తీశాడు. లోపలికి వెళ్తుంటే, గేటు పక్క కాలిబాట మీద ఒకామె పంపు స్టవ్ మీద అన్నం వండుకుంటోంది. కిరసనాయిలు వాసనా, పొంగిన గంజి వాసనా కలిసి ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. ‘ఏంటి తాతయ్యా?’ అంది మనవరాలు. ఏమీ లేదన్నాను. రుద్రప్పగారు గుర్తొచ్చారని చెబితే దానికేం అర్థమవుతుంది? ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవమూ, కోపమూ ఒక్కసారే వస్తాయి. కోపంలో పెద్ద వాటా నామీదే.

బళ్లారి కౌల్ బజార్‌లోని ఒక పత్తి మిల్లులో ఆయన పత్తి రకం తేల్చే పెద్ద. పంతొమ్మిదివందల యాభైల చివర్లో నేను ఆయన కింద చేరాను. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి కంప్లి దగ్గర కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. నాకు పొలం పని అబ్బలేదు. రుద్రప్పగారు గోనె బోరెంలోంచి గుప్పెడు దూది తీసి, రెండు బొటనవేళ్ల మధ్య లాగి, ఆ పోగుల్ని మోకాలి మీద పరిచిన నల్లగుడ్డ మీద పెట్టేవారు. పోగు పొడవు చూసుకుని, తన లెక్క చెప్పకుండా నావైపు తిరిగి ‘ఏమంటావప్పా?’ అనేవారు. మొదటివారంలోనే నేను చూసీ చూడకుండా ‘మంచి రకమండీ’ అనేశాను.

‘మంచిదని నీ చేతికి తెలిసెనా, నోటికి తెలిసెనా?’

‘చేతికి తెలియలేదండీ.’

‘అట్లయితే తెలీదను. తెలీదంటే నేర్పిస్తా. తెలుసు అంటే ఇంగ నేనేం నేర్పించేది?’

ఆలస్యంగా వచ్చినా, బోరెం చినిగినా ఊరుకునేవారు. ఈ ఒక్క విషయంలోనే ఊరుకునేవారు కాదు. నాకున్న కాస్త విద్యా ఆయన పెట్టిన భిక్షే. ఇంట్లో మా నాన్న కూడా నన్ను ఏనాడూ ఏమంటావని అడిగి ఎరుగడు. రోజుకు పాతికసార్లు ఆ ‘ఏమంటావప్పా?’ వినడం కోసమే నేను మిల్లుకు వెళ్లేవాణ్ణంటే నమ్మండి.

అయితే నాకో జబ్బుండేది. గొప్పలు కోయడం. పన్నెండేళ్లప్పుడు మా మేనమామతో ఒక్కసారి మద్రాసు వెళ్లాను. సెంట్రల్లో దిగి, జట్కా ఎక్కి, ఇంకో స్టేషన్‌కు వెళ్లి రైలెక్కాం. నేను చూసిన మద్రాసు అంతే. మిల్లులో మాత్రం ఆ ఊరు నా అరచేతిలో ఉన్నట్టు మాట్లాడేవాణ్ణి. రుద్రప్పగారి భార్య పార్వతమ్మగారికి కడుపులో గడ్డ ఉందనీ, మద్రాసులో ఆపరేషన్ చేయించాలనీ డాక్టర్లు చెప్పినప్పుడు ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చారు.

‘ఏమంటావప్పా? యాడ దిగేది మేలు? నీకి మద్రాసు తెలుసు కదా.’

తెలుసండీ అన్నాను. ఆయనకు నేనాడిన మొదటి పెద్ద అబద్ధం అది.

గుంతకల్లులో రైలు మారి, పొద్దున్నే సెంట్రల్లో దిగాం. పార్వతమ్మగారు ఒక ట్రంకుపెట్టె, గోనెసంచిలో పంపు స్టవ్, గిన్నెలు, జొన్నపిండి తెచ్చుకున్నారు. లింగపూజ చేసుకుని, తన చేత్తో వండుకున్నదే తినే మనిషి ఆమె. బయటి వంట ముట్టరు. అదంతా నాకు తెలుసు. కానీ స్టేషన్ బయటికి రాగానే నా కళ్లకు కనిపించింది ఆరంతస్తుల హోటల్ ఒక్కటే. చిన్నప్పుడు జట్కాలోంచి నోరు తెరుచుకుని చూసింది దాన్నే. అందులో లిఫ్టెక్కాలన్న కోరిక నాకు అప్పటినుంచీ ఉంది. ‘ఇదేనండీ అన్నిటికంటే మంచిది’ అన్నాను.

కౌంటర్ దగ్గర మేనేజరు స్టవ్ పైకి తీసుకెళ్లకూడదని చెప్పి దాన్ని బల్లకింద పెట్టించాడు. లిఫ్టులో పార్వతమ్మగారు భయంతో భర్త చెయ్యి పట్టుకున్నారు. ఆ లిఫ్టు నేనే కట్టించినట్టు నవ్వాను. ఆరో అంతస్తు గదిలో కిటికీ తెరిచి స్టేషన్ గడియారం చూపించాను. ఆమె అటు చూడనేలేదు.

‘మన స్టవ్ యాడప్పా?’

‘కింద ఉందమ్మా. ఇక్కడ ఒప్పుకోరట.’

‘సరే పోనీలే’ అన్నారు. మూడు రోజులు ఆస్పత్రికి తిరిగాం. అరటిపళ్లు, పాలు తప్ప ఆమె ఏమీ తీసుకోలేదు. హోటల్ ఇడ్లీ తెస్తే ‘బేడప్పా, వద్దు, నాకి ఆకలి లేదు’ అన్నారు. రెండోరోజు రుద్రప్పగారు నన్ను వరండాలోకి పిలిచారు.

‘ఈడ సత్రమేదన్నా ఉండాదా? పొయ్యి పెట్టుకునేకి వీలుంటే సాలు.’

అప్పుడైనా తెలీదని చెప్పి ఉండవచ్చు. కిందికి దిగి ఎవర్నైనా అడిగి రావచ్చు. మొహం చెల్లలేదు. ‘దగ్గర్లో లేవండీ. ఉన్నవి బాగా దూరం, పైగా మురికి’ అన్నాను. ఆయన నమ్మారు. నేర్పినవాడు శిష్యుణ్ణి నమ్మినట్టే నమ్మారు.

నాలుగో రోజు డాక్టరు, ఒంట్లో రక్తం లేదు, మనిషి నీరసించిపోయింది, ఇప్పుడు కత్తి పెట్టలేను, నెల్లాళ్లు బలం పట్టించి తీసుకురండి అన్నాడు. ‘ఈ మూడు రోజులూ ఏం తిన్నారు?’ అని అడిగాడు.

ఆ మధ్యాహ్నమే గది ఖాళీ చేశాం. హోటల్ ముందు మురుగు మోరీ తవ్వుతుంటే పక్క వీధిలోంచి తిరిగి స్టేషన్‌కు నడిచాం. స్టేషన్ పక్క గేటుకు సరిగ్గా ఎదురుగా సత్రం. పెద్ద వాకిలి, లోపల బావి, వసారా పొడుగునా స్టవ్‌లు పెట్టుకుని వంటలు చేసుకుంటున్న ఆడవాళ్లు. రుద్రప్పగారు ఆగి, తెలుగు మాట్లాడుతున్న ఒకామెను అడిగారు. తమది కడప అనీ, రోగుల్ని తీసుకొచ్చినవాళ్లందరూ ఇక్కడే దిగుతారనీ, స్టేషన్లో ఏ కూలీని అడిగినా చెబుతాడనీ ఆమె చెప్పింది. ఆయన స్టవ్ ఉన్న గోనెసంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

‘తెలుసంటివే’ అన్నారు నాతో. అంతే.

పార్వతమ్మగారు ఆ నెల దాటలేదు. సత్రంలో దిగినా ఆమె బతికేది కాదేమోనని చాలామంది నన్ను ఓదార్చారు. కావచ్చు. కానీ స్టవ్ వెంట ఉండీ ఆమె మూడు రోజులు పస్తుండింది నావల్లే.

ఆయన నన్ను కొట్టలేదు, పనిలోంచి తీసెయ్యలేదు. నేను ఆశపడ్డాను, ఒక్కసారి తిడతారేమోనని. ఆ తర్వాత పదకొండేళ్లు ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన దూది లాగి, నల్లగుడ్డ మీద పెట్టి, నన్ను దాటి అటువైపు కూర్చున్నవాణ్ణి అడిగేవారు, ‘ఏమంటావప్పా?’ అని. నన్ను మాత్రం మళ్లీ అడగలేదు. అంత పంతం మనిషికి తగునా అని ఒక్కోసారి కడుపు మండేది. ఆయన పోయాక ఆ కుర్చీ నాకే వచ్చింది. అందులో కూర్చున్న రోజు కూడా నాకు సంతోషం కలగలేదు.

నిన్న ఈ హోటల్ గదిలోకి వచ్చాక మనవరాలు అడిగింది, ‘తాతయ్యా, పరీక్ష సెంటర్‌కు ఇక్కణ్ణుంచి ఏ దారి దగ్గర?’ అని.

‘నాకు తెలీదమ్మా. కిందికెళ్లి అడిగొస్తాను’ అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగుతూ, అది వినవలసిన ఇద్దరూ లేరు కదా అనుకున్నాను.