క్లచ్ మీద ఎవరి కాలు

పాత కారు కొన్నప్పుడు మా ఆయన నన్ను అడగలేదు. కొన్నాక నేనే అడిగాను, నాకూ నేర్పమని. ఆ ఏడు వేసవి సెలవులయ్యాక నేను సత్తెనపల్లి నుంచి ఒక పల్లెటూరి హైస్కూలుకి మారాలి. ఆ ఊరి బస్సు చేరేసరికి అక్కడ రెండో పీరియడ్ గంట కొట్టేస్తారు. కారు నేర్చుకోవాలి, లేదా ఉద్యోగం మానుకోవాలి. పిల్లలకి లెక్కలు చెప్పడమంటే నాకు ప్రాణం. మానడమన్న మాట తలుచుకుంటేనే ఒళ్లు మండేది.

ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక, పత్తి తీసేసిన చేల పక్క దారిలో నేర్పేవారు. "క్లచ్ మెల్లగా వదులు" అని ఆయన, "మెల్లగానే వదులుతున్నానండీ" అని నేను. అత్తయ్య ఎవరి పక్షమూ వహించకుండా వెనక సీట్లో జామకాయ కొరుకుతూ కూర్చునేవారు.

నెల తిరక్కుండా క్లచ్ జారడం మొదలైంది. యాక్సిలేటర్ తొక్కితే ఇంజను హోరెత్తుతుంది, కారు మాత్రం కదలనంటుంది. ఇంటి ముందు హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరు వేసి, క్లచ్ మీంచి మెల్లగా కాలు తీశారాయన. బాగున్న కారైతే ఇంజను గక్కున ఆగిపోవాలట. ఇది మాత్రం ఏమీ పట్టనట్టు నడుస్తూనే ఉంది.

"చూశావా, ప్లేటు అరిగిపోయింది. అంతా నీ కాలి చలవే."

"నేను తోలింది నాలుగు ఆదివారాలేగా. అంతకుముందే అరిగిందేమో."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నారు.

కొత్త ప్లేటు వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. నా చదువు అక్కడితో ఆగింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి. ఆయన్ని ఒప్పించడం కన్నా మొద్దు తరగతికి త్రికోణమితి చెప్పడం తేలిక.

అవి మిరపకాయల రోజులు. లారీ కోసం కాచుకునే ఓపిక ఆయనకు లేదు. కాయలు తొక్కి కుట్టిన గోనెసంచులు, మేం టిక్కీలంటాం, వాటిని వెనక సీట్లోనూ డిక్కీలోనూ కుక్కి గుంటూరు మిర్చి యార్డుకి తీసుకెళ్లేవారు. యార్డు ముందు ట్రాక్టర్లూ ఎడ్లబళ్లూ బారులు తీరి ఉంటే, వాటి వెనకే కారుని కొద్దికొద్దిగా జరపాలి. ఇంటికొచ్చిన కారు తలుపు తీస్తే తుమ్ములు, దగ్గు, కళ్లనీళ్లు. అందరం మిరపకాయల్ని తిట్టుకునేవాళ్లం. ఆ ఘాటులో ఇంకో వాసన కలిసి ఉండొచ్చన్న అనుమానం మాలో ఎవరికీ రాలేదు.

కాయలన్నీ అమ్మేశాక కారు కడిగించి, సీట్లు విప్పి ఎండబెట్టారు. బడులు తెరవడానికి కొన్నాళ్ల ముందు ముగ్గురం గుంటూరులో పెళ్లికి బయలుదేరాం. ఊరు దాటామో లేదో గొంతు పట్టేసే ఘాటు. అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఒరేయ్, కాయలు అమ్మేసి నెలైందిగా. మరి ఈ ఘాటు ఎక్కడిదిరా?"

ఇంజను హోరెత్తుతోంది. సైకిలు మీద ఒకతను మమ్మల్ని దాటిపోయాడు. నేను కిందికి చూశాను. ఆయన ఎడమకాలు క్లచ్ మీద హాయిగా ఆనించి ఉంది, అరుగు మీద కూర్చుని మెట్టు మీద పెట్టుకున్నట్టు.

"గేరు మార్చట్లేదు కదా, ఆ కాలికి అక్కడేం పనండీ? ప్లేటు మాడుతున్న ఘాటే ఇది."

ఆయన తల వంచి చూసుకున్నారు. గభాలున కాలు తీశారు. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఈ ప్లేటు వేశాక నేను కారు ముట్టుకోలేదు" అన్నాను.

కారు పక్కకి ఆపి దిగారు. చుట్టూ తిరిగొచ్చి నా తలుపు తీసి, "జరుగు" అన్నారు.

ముందు సీటు బల్లలా ఒకటే కాబట్టి అలాగే స్టీరింగు ముందుకి జరిగాను. యాక్సిలేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా పెట్టి, కారుని ఇంటివైపు తిప్పాను. నత్తనడకైనా కదిలింది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన రెండు కాళ్లూ దగ్గరికి ముడుచుకుని కూర్చున్నారు.

ఇల్లు చేరాక, "రేపే ప్లేటు మార్పిస్తా. మొదటిరోజు నీకు తోడొస్తా" అన్నారు.

"ప్లేటు మార్పించండి చాలు."

బడులు తెరిచిన రోజు మొదటి పీరియడే నాది. ఒక్కదాన్నే కారు తోలుకొచ్చి, గంట మోగేసరికి బోర్డు మీద లెక్క రాసేశాను.