పెద్దనాయన వెనక నడిచిన గుర్రం

ఇప్పటికీ జహీరాబాద్ రోడ్డు మీద బారాత్ ఎదురైతే నేను పెండ్లికొడుకును చూడను. గుర్రం ముందు కళ్లెం పట్టుకుని నడిచే మనిషిని చూస్తాను. మా పెద్దనాయన గుర్తొస్తాడు.

నాకు స్వారీ వచ్చని ఒకప్పుడు మా కాలేజీ అంతా గొప్పలు చెప్పుకున్నాను. పదో తరగతి సెలవుల్లో పెద్దనాయన నన్ను తన తెల్లగుర్రం ఎక్కించిన మాట నిజమే. కానీ కళ్లెం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. ఆయన ముందు నడిచేవాడు, గుర్రం ఆయన వెనక నడిచేది, నేను పైన మహారాణిలా కూర్చునేదాన్ని. ఆమాత్రం స్వారీ జొన్నల మూటకు కూడా వచ్చు. ఆ సంగతి ఎవరైనా అంటే మాత్రం నేను ఊరుకునేదాన్ని కాదు.

ఆయన మా నాయనకు అన్న. ఝరాసంగం పోయే దారిలో మా రెండిళ్లకూ ఒకటే వాకిలి. రోడ్డుకు అవతల ఎర్రచెలకలో కంది, జొన్న వేసేవాడు. పెళ్లిళ్ల కాలం వస్తే గుర్రానికి జరీ బట్ట కప్పి బారాత్‌లకు తీసుకుపోయేవాడు. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. నన్నూ, గుర్రాన్నీ కూడా "బిడ్డా" అనే పిలిచేవాడు, పిలిచినప్పుడల్లా ఇద్దరం తల తిప్పేవాళ్లం.

బారాత్ గుర్రానికి చదువు వేరు. దానికి పరుగు నేర్పరు, భయం పోగొడతారు. సాయంత్రం పూట ఉలవ గుగ్గిళ్లు గంపలో పోసి, అది తింటున్నంతసేపూ పెద్దనాయన పక్కనే నిలబడి ఖాళీ నూనె డబ్బాను కట్టెతో దబదబా బాదేవాడు. కొత్తలో చెవులు వెనక్కి పెట్టి అదిరిపోయేదట. తర్వాత తర్వాత డబ్బా చప్పుడు వింటేనే దానికి నోరూరేది. ఇక డీజే మోగినా, పటాకులు పేలినా కళ్లు సగం మూసుకుని, ఆయన భుజానికి మూతి ఆనించినట్టే నడిచేది. పైన ఎవరున్నారన్నది దానికి పట్టదు. తువ్వాల వేసుకున్న ఆ వీపు ముందుంటే చాలు.

అట్లాంటి మనిషికి మోకాలు పోయింది. చెరకు బండి మీద నుంచి జారిపడ్డాడు. దవాఖానలో ఆపరేషన్ చేసి, ఇక ఊరేగింపుల్లో నడవడం మాట మరిచిపొమ్మన్నారు. ఆయన ముందు లేకపోతే గుర్రం గేటు దాటదు. మా నాయన కళ్లెం పట్టుకుని చూశాడు, పొలం పనికి వచ్చే వాళ్లూ చూశారు. అది బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా అని పెద్దమ్మ రోజూ దెప్పేది. చివరికి బీదర్ వైపు గుర్రాల బేరగాడికి కబురు పెట్టించింది. ఆ పూట పెద్దనాయన అన్నం ముట్టలేదు.

అది చూసి, నేను నడిపిస్తాను, అమ్మొద్దు అన్నాను. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, "బేరగాడు వచ్చేటాల్లకు నీతోని చెలకకు పోయి వస్తే ఉంచుకుంట. లేకుంటే అడ్డం రాకు" అంది.

మర్నాడే ఎక్కాను. మడమలతో పొడిచాను, అదిలించాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మెడ తిప్పి నన్నొకసారి చూసి, మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న పెద్దనాయన వైపు చూసింది. నా కోపం సంగతి మా వాడంతటికీ తెలుసు. గుర్రాన్ని, దాని వంశాన్ని కలిపి తిట్టాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. దిగి ఇంట్లోకి పోయి, ఆయనతో మాట్లాడడం మానేశాను.

అలిగినప్పుడే నాకు గొప్ప ఉపాయాలు తోస్తాయి. ఆయన తువ్వాల తీసుకుపోయి కట్టెకు కట్టి, గుర్రం మీద కూర్చుని దాని మూతి ముందు వేలాడదీశాను. నడిచింది! వాకిలంతా తిరిగింది. నా తెలివికి నేనే మురిసిపోతూ మంచం ముందుకు తెచ్చి ఆపాను. ఆయన నవ్వలేదు.

"గుడ్డ ఎనక పోతే నీ మాట ఇన్నట్టా? నేను సచ్చినంక ఆ గుడ్డకు నా వాసన ఎన్ని దినాలుంటది?" అన్నాడు.

కట్టె కింద పడేశాను. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి మంచం మీద నుంచే నాకు నేర్పాడు. చిత్రమేమిటంటే, గుర్రం గురించి ఒక్క మాట చెప్పేవాడు కాదు, అన్నీ నా గురించే. నడుము బిగబట్టొద్దన్నాడు. ఊపిరి వదలమన్నాడు. గుర్రం చెవుల మీద కాదు, పోవాల్సిన చోటు మీద చూపు పెట్టమన్నాడు. కోపం నోట్లో ఉంటే గుర్రం పట్టించుకోదు గాని, తొడల్లో ఉంటే దానికి తెలిసిపోతుందన్నాడు. తన మంచాన్ని మొదట గేటు దగ్గర వేయించుకున్నాడు, గుర్రం తన వైపు నడిచి వచ్చేలా. తర్వాత పక్కకు వేయించుకున్నాడు. ఆ తర్వాత రోజూ ఇంత వెనక్కి జరిపించుకుంటూ పోయి, చివరికి కొట్టం గోడకు ఆనుకున్నాడు. గుర్రం వాకిలి మధ్యదాకా నా మాట మీద నడిచేది. గేటు మాత్రం దాటేది కాదు.

బేరగాడు ఒక పొద్దున ట్రాలీ ఆటో వేసుకుని దిగాడు. గుర్రం నోరు తెరిచి పళ్లు చూశాడు. పెద్దమ్మ చాయ్ తేవడానికి లోపలికి పోయింది. నేను గుర్రం ఎక్కాను. ఊపిరి వదిలి, గేటు అవతల కంది చేను వైపు చూశాను. వాకిలి మధ్యలో అది ఆగి, వెనక్కి, మంచం వైపు మెడ తిప్పింది. ఆయన ఒక్కసారి "బిడ్డా" అంటే చాలు, తిరిగి వెళ్లిపోయేది. ఆయన తువ్వాల కొసను పంటి కింద బిగబట్టి కూర్చున్నాడు. పిలవలేదు.

అది ముందుకు తిరిగింది. గేటు దాటింది. రోడ్డు దాటింది. బండ్ల బాట మీదికి చేరాక చిన్నగా పరుగు అందుకుంది. ఆ పరుగు దానిలో ఉందని నాకే కాదు, దానికీ తెలియదేమో. భయమూ సంతోషమూ కలిసి నేను గట్టిగా నవ్వేశాను.

తిరిగొచ్చేసరికి బేరగాడు ఖాళీ ఆటో వెనక్కి తిప్పుకుంటున్నాడు. పెద్దమ్మ నా మొహం చూడకుండా ఉలవలు చెరుగుతోంది. పెద్దనాయన కళ్లలో నీళ్లు. మోకాలు నొప్పేమోనని గుర్రం దిగి పరుగున దగ్గరికి పోయాను.

"ఇన్నేండ్లు ముందల్నే నడిస్తి. ఇది ముందల బాట పట్టి పోతుంటే ఎట్లుంటదో ఎన్నడు సూడలే, బిడ్డా" అన్నాడు. తువ్వాలతో కళ్లు తుడుచుకుని, "జర మల్లొకసారి పోయి రా. సూస్త" అన్నాడు.

నేను మళ్లీ గుర్రం ఎక్కాను.