దళారి అంటే దారి చూపేవాడు

మొన్న సోమవారం పొద్దున్నే తర్లుపాడు నుంచి మా పెదనాయన కొడుకు ఫోన్ చేసి, "అన్నా, నాయన పోయినాడు" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. పెదనాయన చెప్పిన పని ఒకటి నేను చేయలేదు.

ఆయన ఎద్దుల సంతలో దళారి. అమ్మేవాడి చేయి, కొనేవాడి చేయి తువ్వాలు కింద పట్టుకుని, వేళ్లు నొక్కి బేరం తెంపేవాడు. ఎద్దు పళ్లు చూసే ముందు దాని మెడ నిమిరేవాడు. "మనమెవరో దానికి తెలియాల గదరా, మర్యాద వద్దా?" అనేవాడు. ఊళ్లో ఎవరైనా ఎవరినైనా "దళారి బుద్ధులు" అని తిడితే మాత్రం ఆయన మొహం వాడిపోయేది.

నేను తెలుగు పంతుల్ని. ఒకరోజు నిఘంటువులు తిరగేసి సంబరంగా ఆయన దగ్గరికి పోయాను.

"పెదనాయనా, అది తిట్టు కాదు. అరబ్బీ నుంచి ఉర్దూలోకి, అట్ల మనకు వచ్చిన మాట. మూలంలో దారి చూపడమని అర్థం."

నవ్వుతాడనుకున్నాను. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ జతకు దారి చూపించింది నేనే గదరా."

అప్పుడు చెప్పాడు. కరువు ఏడు, పుల్లలచెరువు వైపు రైతు ఒకాయన మేత లేక ఎద్దుల్ని సంతకు తోలుకొచ్చాడట. "సేద్యానికే ఇప్పియ్యన్నా, కోతకొద్దు" అని చేతులు పట్టుకున్నాడట. కొన్నవాడు దున్నుకుంటానంటే పెదనాయన నమ్మి మాటిచ్చాడు. సాయంత్రానికి ఆ జత కబేళా లారీ ఎక్కింది. పెదనాయన మళ్లీ సంత మొహం చూడలేదు.

"ఆయన ముందర నిలబడలేను. తెలిసి చేయలేదని నువ్వు పోయి చెప్పు నాయనా. మా ఇద్దరికీ నడుమ మనిషి కావాల" అన్నాడు.

సరేనన్నాను. పరీక్షలన్నాను, ఎండలన్నాను. ఏడాది గడిచిపోయింది. ఛీ, ఏం చదువు నాది!

మట్టి చేసిన మర్నాడు పుల్లలచెరువు బస్సెక్కాను. ఆ రైతు బాగా ముసలివాడైపోయాడు. అంతా విన్నాడు.

"తెలిసి చేసినాడని నేనెప్పుడనుకున్నా సార్? ఆ పొద్దు లారీ ఎనకాల ఉరికి ఉరికి కింద పడింది ఆయనే గదా. నేను చూసినా. ఒక్కసారి వచ్చింటే ఇన్ని మజ్జిగ పోసేవాణ్ణి."

లేచి కొట్టంలోకి నడిచాడు. "ఈ మాట ఆయనకు ఇంకెవురు చెప్తారు?" అన్నాడు.

నేనూ వెనకాలే పోయాను. కొట్టంలో పశువు లేదు. పలుపుతాడు ఒరిసి నున్నబడిన గుంజ మీద చెయ్యేసి, ఆయన అట్లాగే నిలబడి ఉన్నాడు.