తీగ వదులైంది

ఎగర్ట్ హార్మ్స్‌కి ఉన్నది ఒకటే జబ్బు: పాట మంచి పట్టులో ఉండగా చెయ్యెత్తి, "ఆగండ్రా, తీగ వదులైంది" అనడం.

హాంబుర్గ్‌లో పాత యుద్ధకాలపు బంకరొకటి అద్దెకు తీసుకుని, నలుగురు కుర్రాళ్ళు 'ఇనుప డేగ' అనే మెటల్ సంగీత బృందం మొదలెట్టిన రోజులవి. కత్తులూ డ్రాగన్లూ, గుర్రాల దౌడులాంటి డ్రమ్ములూ, వాటన్నిటి మీదా ఆకాశం చిల్లుపడేలా ఓ కేక. ఆ కేక వెయ్యాల్సినవాడు ఫోల్క్‌మార్. నాలుగైదు పాటలయ్యాక, అతను ఊపిరి బిగబట్టి పైస్థాయి అందుకోబోతుంటే, సరిగ్గా అప్పుడే బాస్ గిటారు ఎగర్ట్ చెయ్యి లేచేది.

"మళ్ళీనా!" గిటారు రూడిగర్ నెత్తి కొట్టుకునేవాడు. "ఒరే, నీ తీగలతో రేవులో ఓడని కట్టెయ్యొచ్చు. అవెలా వదులవుతాయిరా?"

"చెమ్మ" అనేవాడు ఎగర్ట్, గోడ చూపించి.

"ఈ గోడలో బాంబులే దూరలేదు. చెమ్మ దూరిందా?"

"బాంబుకి ఓపికుండదు. చెమ్మకుంటుంది."

ఇక బిరడాలు తిప్పడం మొదలెట్టేవాడు, బావి తవ్వుతున్నంత తీరిగ్గా. ఈలోగా ఫోల్క్‌మార్ చేతికి ఓ ప్లాస్కు వచ్చేది.

"సేజ్ ఆకు కషాయంరా. మా అమ్మ పోసిచ్చింది. నాకు దాని వాసనే పడదు. పారబోశానని తెలిస్తే చంపేస్తుంది. నువ్వు తాగి పుణ్యం కట్టుకో."

తిట్టుకుంటూనే తాగేవాడు ఫోల్క్‌మార్. తాగాక వేసిన కేకకి బంకరు దద్దరిల్లేది. అదంతా తన గొంతు గొప్పే అనుకునేవాడు.

ఇంతలో రికార్డు కంపెనీ మనిషి ఒకాయన కచేరీకి వస్తానని కబురు పెట్టాడు. "ఆయన ముందు కూడా వీడు బావి తవ్వుతాడు. తీసేద్దామన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు రూడిగర్.

అందరికంటే ముందు లేచింది ఫోల్క్‌మార్ చెయ్యి. చివరగా ఎగర్ట్ కూడా ఎత్తాడు.

"నువ్వెందుకురా ఎత్తావ్?"

"అలవాటు" అని, గిటారు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కొత్తగా వచ్చిన మాల్టే గడియారంలాంటివాడు. తప్పడు, ఆగడు. కచేరీ రోజున మూడు పాటలు ఊపిరాడకుండా సాగాయి. నాలుగోదాంట్లో ఫోల్క్‌మార్ నోరు తెరిస్తే డేగ రాలేదు, కోడిపిల్ల కూసింది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కంపెనీ ఆయన కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

అప్పుడు వెనకనుంచి ఓ పొలికేక: "ఆగండ్రా! తీగ వదులైంది!"

"ఎవడ్రా వాడు? నా తీగ బాగానే ఉంది!" మాల్టే రెచ్చిపోయాడు.

జనం నెత్తుల మీదుగా చేతులు మారుతూ ఓ ప్లాస్కు వేదిక వైపు వస్తోంది. దాన్ని చూడగానే ఫోల్క్‌మార్‌కి అంతా అర్థమైంది. బంకరు గోడ ఏనాడూ చెమ్మగిల్లలేదు.

"లేదు మాల్టే, వదులైంది. నింపాదిగా చూసుకో" అని మైకులో చెప్పి, మూత తిప్పాడు.

ఆ తర్వాత వేసిన కేకకి కంపెనీ ఆయన గుండీలు విప్పుకుని కూర్చున్నాడు.

"రేపట్నుంచి వచ్చెయ్‌రా" కచేరీ అయ్యాక ఫోల్క్‌మార్ బతిమాలాడు.

"వద్దులే. వాడు నాకంటే బాగా వాయిస్తున్నాడు. నాకు నిజంగా శ్రుతి తప్పినా తెలిసి చావదు. ప్లాస్కు ఇచ్చెయ్, అమ్మ అడుగుతుంది."

మొదటి రికార్డు అట్ట మీద నాలుగు మొహాలున్నాయి. ఎగర్ట్‌ది లేదు. అది కంటబడినప్పుడల్లా, ఆ రోజు అందరికంటే ముందు లేచిన చెయ్యి ఫోల్క్‌మార్‌కి ఇప్పటికీ బరువుగానే ఉంటుంది.

ఇప్పుడు జుట్టు నెరిసిన ఫోల్క్‌మార్, పెద్ద కేకకు ముందు పాట ఆపించి, "మాల్టే, తీగ వదులైంది" అంటాడు. మంచి గొంతే గానీ మనిషికి అదొక పిచ్చి అని మాల్టే అందరితో మొత్తుకుంటాడు.

మొదటి వరసలో నిలబడ్డ బట్టతల ఎగర్ట్ మాత్రం పక్కవాళ్ళ వైపు తిరిగి గంభీరంగా చెబుతాడు: "చెమ్మ."